ద్విష్ఠ సంబంధం: తుర్కీ భాషలో విభక్తులు, స్వామ్యప్రత్యయాలు

సంబంధం ద్విష్ఠం అన్న మాట శాస్త్రపరిచయం ఉన్న వారందరికీ తెలిసినదే. సంబంధం ఏదో ఒక్క వస్తువులో ఉండదు. రెండింటిని ఆశ్రయించి ఉంటుంది. రాజుకూ సేవకుడికీ మధ్యనున్న స్వస్వామి సంబంధం రాజులో ఎంత ఉన్నదో సేవకునిలోనూ అంతే ఉన్నది. అయినా సంస్కృతంలో ‘రాజ్ఞః పురుషః’ అన్నప్పుడు షష్ఠీ విభక్తి రాజశబ్దానికి మాత్రమే చేరింది. పురుషశబ్దం ఏ అదనపు గుర్తూ లేకుండా ప్రథమలో నిలిచింది. రెండు చోట్ల ఉన్న సంబంధానికి ఒక చోటనే గుర్తు పెట్టడంలో హేతువేమిటి అన్న ప్రశ్న ప్రాచీన వ్యాఖ్యాతలకు కలిగింది. వారు దానిని తేలికగా విడిచిపెట్టలేదు.

ఈ శంకకు భర్తృహరి వాక్యపదీయంలోని సాధన సముద్దేశంలో సమాధానం చెప్పాడు. సంబంధం రెండింటిలోనూ ఉన్నప్పటికీ అప్రధానమైన పదం పరార్థమైనది, అంటే మరొక దాని కోసం నిలిచినది. కనుక సంబంధం ఆ పదం వద్దనే వ్యక్తమవుతుంది. అక్కడ చెప్పబడినదే ప్రధానపదానికీ ఉపకరిస్తుంది. ఇదీ ఆ సమాధానం సారాంశం. ‘రాజ్ఞః పురుషః’ అన్నచోట పురుషుడు ప్రధానం, రాజు విశేషణం. వివక్ష మారి రాజును ప్రధానం చేస్తే ‘పురుషస్య రాజా’ అవుతుంది. సమాధానం సూక్ష్మమైనది, సుందరమైనది. అయితే ఈ యుక్తి భాషాసామాన్యానికి వర్తించే సత్యమా, సంస్కృత భాషా నిర్మాణాన్ని సమర్థించే ఉపపత్తి మాత్రమేనా అన్నది తేలాలంటే సంస్కృతం ఒక్కటే చదివితే చాలదు. సంబంధానికి మరొక విధంగా గుర్తు పెట్టే భాషను ఎదుట నిలుపుకోవాలి. అటువంటి భాషలలో తుర్కీ ముఖ్యమైనది.

తుర్కిక్ భాషాకుటుంబం అనతోలియా నుండి మధ్య ఆసియా మీదుగా సైబీరియా వరకు విస్తరించి ఉన్నది. ఉజ్బెక్, కజక్, ఉయ్గుర్, అజర్‌బైజానీ మొదలైనవి ఈ కుటుంబంలోనివి. టర్కీ దేశపు భాష అయిన తుర్కీ వీటిలో అధికసంఖ్యాకులు మాట్లాడేది. మంగోలియాలోని ఓర్ఖోన్ నదీ ప్రాంతంలో 732, 735 సంవత్సరాల నాటి శాసనాలలో ఈ కుటుంబపు ప్రాచీన రూపం కనబడుతుంది. ఆ లిపి రహస్యాన్ని డెన్మార్క్ పండితుడు విల్‌హెల్మ్ థామ్సెన్ 1893లో ఛేదించాడు. పదకొండవ శతాబ్దంలో మహమూద్ కాష్గరీ తుర్కిక్ మాండలికాల పదకోశాన్ని అరబ్బీ భాషలో రచించాడు. అనతోలియా తుర్కీకి తుర్కీలోనే వ్రాసిన తొలి వ్యాకరణంగా 1530 నాటి బెర్గమా కద్రీ గ్రంథాన్ని పేర్కొంటారు. అరబ్బీ వ్యాకరణం ఆ గ్రంథానికి మూస. తెలుగు వ్యాకరణాలు సంస్కృత పరిభాషతో ఎలా ఆరంభమైనవో, తుర్కీ వ్యాకరణాలు అరబ్బీ పరిభాషతో అలా ఆరంభమైనవి.

ఉదాహరణలకు ముందు ఉచ్చారణను గురించి ఒక మాట అవసరం. తుర్కీలో ఎనిమిది అచ్చులున్నవి. నాలుగు నాలుక ముందు భాగాన, నాలుగు వెనుక భాగాన పలికేవి. వీటన్నిటికీ తెలుగులో సరియైన అక్షరాలు లేవు. ఇక్కడ ఇచ్చే రూపాలు ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా వ్రాసినవి మాత్రమే. ప్రకృతిలోని చివరి అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారడం ఈ భాష స్వభావం. ‘ఎవ్’ అంటే ఇల్లు. ‘ఎవిమ్’ నా ఇల్లు. ‘కొల్’ అంటే బాహువు. ‘కొలుమ్’ నా బాహువు. ప్రత్యయం ఒక్కటే, అచ్చు మాత్రం ప్రకృతికి అనుగుణంగా మారింది. దీనిని స్వరసామ్యం అంటారు. హరికి, హరిని అంటూనే గురువుకు, గురువును అనే తెలుగువారికి ఇది కొత్త కాదు. తెలుగులో పులి పులులు అయినట్లు ప్రత్యయం ప్రకృతినీ మార్చగలదు. తుర్కీలో మాత్రం స్వరసామ్యం ప్రకృతి నుండి ప్రత్యయం వైపే నడుస్తుంది.

తుర్కీ వ్యాకరణాలు సాధారణంగా ఆరు విభక్తులను చెబుతాయి. ఎవ్ ఇల్లు, ఎవి ఇంటిని, ఎవె ఇంటికి, ఎవ్‌దె ఇంటిలో, ఎవ్‌దెన్ ఇంటి నుండి, ఎవిన్ ఇంటియొక్క. బహువచనానికి ‘లెర్’ చేరుతుంది: ఎవ్‌లెర్, ఎవ్‌లెరి, ఎవ్‌లెరె, ఎవ్‌లెర్‌దె, ఎవ్‌లెర్‌దెన్, ఎవ్‌లెరిన్. ఏకవచనంలో వచ్చిన ప్రత్యయాలే బహువచనంలోనూ వచ్చినవి. సంస్కృతంలో వలె వచనమూ విభక్తీ కలిసిపోయి ఒకే ప్రత్యయం కావడం ఇక్కడ లేదు. తెలుగులో ఇంటికి, ఇళ్ళకు అన్నప్పుడు వచనం వేరు, విభక్తి వేరు అయినట్లే ఇదీ. ద్వితీయలోనూ ఒక సామ్యమున్నది. వస్తువు నిర్దిష్టమైనప్పుడే తుర్కీలో ద్వితీయాప్రత్యయం వస్తుంది. ‘పుస్తకం చదివాను’, ‘ఆ పుస్తకాన్ని చదివాను’ అన్న తెలుగు వాక్యాల భేదం ఎరిగినవారికి దీనిని వేరుగా బోధింపనక్కరలేదు.

తెలుగుకు ఎనిమిది విభక్తులు, తుర్కీకి ఆరు అన్న లెక్కను బట్టి ఒకటి సంపన్నమనీ మరొకటి దరిద్రమనీ అనుకోరాదు. బాలవ్యాకరణంలో ‘కిన్, కున్’ ప్రత్యయాలు షష్ఠిలో, ‘యొక్క’ సరసన చేరినవి. రామునికి ఇచ్చెను అన్నప్పుడు ఆ ‘కి’ చేసే పని సంప్రదానమే. తెలుగు ప్రత్యయాలను సంస్కృతపు ఏడు గళ్ళలో సర్దవలసి రావడం వల్ల కలిగిన ఇబ్బంది ఇది. తెలుగు షష్ఠికి నిజమైన ప్రాణం ‘యొక్క’ కాదు. ఇల్లు ‘ఇంటి’ అయ్యే, ఏఱు ‘ఏటి’ అయ్యే, చేయి ‘చేతి’ అయ్యే ఔపవిభక్తిక రూపం. చిన్నయసూరి దానిని ప్రత్యేకంగా గుర్తించి విధించడం ఆయన చూపు ఎంత నిశితమైనదో చెబుతుంది. మూస అరువు తెచ్చినదైనా మూసలో ఇమడని దానిని ఆయన కనిపెట్టాడు.

ఇక స్వామ్యప్రత్యయాల విషయం. తుర్కీలో నామానికి పురుషభేదాన్ని చెప్పే ప్రత్యయాలు చేరుతాయి. ఎవిమ్ నా ఇల్లు, ఎవిన్ నీ ఇల్లు, ఎవి అతని లేక ఆమె ఇల్లు, ఎవిమిజ్ మా ఇల్లు, ఎవినిజ్ మీ ఇల్లు, ఎవ్‌లెరి వారి ఇల్లు. తుర్కీ వైయాకరణులు వీటిని ‘ఇయెలిక్ ఎకి’ అంటారు. ఇయె అంటే స్వామి, ఇయెలిక్ స్వామ్యం, ఎక్ ప్రత్యయం. ఎక్ మీద చేరిన ‘ఇ’ ప్రథమపురుష స్వామ్యప్రత్యయమే. అంటే ప్రత్యయం పేరు చివర ఆ ప్రత్యయమే ఉన్నది. స్వామ్యం అన్న మాటను ఇక్కడ యజమానిత్వం అన్న అర్థానికే పరిమితం చేయరాదు. నా తల్లి, నా చేయి, నా ఊరు, నా మాట అన్నిటికీ ఇదే ప్రత్యయం. షష్ఠికి నూటొక్క అర్థాలున్నవని మహాభాష్యం చెప్పినది గుర్తున్నవారికి ఈ విస్తృతి ఆశ్చర్యం కలిగించదు.

ప్రత్యయాల వరుస నియతమైనది. ముందు ప్రకృతి, తరువాత బహువచనం, తరువాత స్వామ్యం, చివర విభక్తి. ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ అన్న పదంలో ఎవ్ ఇల్లు, లెర్ బహువచనం, ఇమిజ్ మా, దెన్ నుండి. తెలుగులో ‘మా ఇళ్ళ నుండి’. రెండు భాషలలోనూ విభక్తి చివరనే ఉన్నది, బహువచనం విభక్తికి ముందే ఉన్నది. కాని ‘మా’ అన్న అంశం తెలుగులో నామానికి ముందు స్వతంత్రపదంగా నిలిచింది. తుర్కీలో నామం తరువాత, పదగర్భంలో, వచనానికీ విభక్తికీ నడుమ ఇమిడింది. ఈ ఒక్క భేదం ఎంత దూరం పోతుందో తరువాత తెలుస్తుంది.

మొదట లేవదీసిన ప్రశ్నకు తుర్కీ ఇచ్చే సమాధానం ఇక్కడే ఉన్నది. ‘ఇంటి కిటికీ’ అనడానికి తుర్కీలో ‘ఎవిన్ పెంజెరెసి’ అంటారు. పెంజెరె అంటే కిటికీ. ‘ఎవిన్’ షష్ఠ్యంతం, ఇంటియొక్క. ‘పెంజెరెసి’లోని ‘సి’ స్వామ్యప్రత్యయం, దాని కిటికీ. అక్షరార్థం ‘ఇంటియొక్క దాని కిటికీ’. విశేషణానికి షష్ఠి, విశేష్యానికి స్వామ్యం. సంబంధానికి రెండు చివరలా గుర్తులు. సంబంధం ద్విష్ఠం అన్న సిద్ధాంతాన్ని ఈ భాష వ్యాకరణంలోనే ఆచరించి చూపింది. శాస్త్రకారులు రెండు చోట్లా ఎందుకు గుర్తు లేదని ప్రశ్నించుకొని సమాధానం చెప్పవలసి వచ్చిన స్థితి ఇక్కడ ఏర్పడనే ఏర్పడదు. తుర్కీలో ఈ నిర్మాణానికి గల పారిభాషిక పదాలు కూడా గమనింపదగినవి. విశేషణాన్ని ‘తమ్లయాన్’ అంటారు, పూర్తిచేసేది అని అర్థం. విశేష్యాన్ని ‘తమ్లనాన్’ అంటారు, పూర్తిచేయబడేది అని అర్థం. ఒకటి లేనిదే మరొకటి అసంపూర్ణమన్న భావం ఆ పేర్లలోనే ఉన్నది.

విషయం ఇంతటితో ముగిసి ఉంటే భర్తృహరి యుక్తికి ఒక ప్రత్యుదాహరణం దొరికినదని చెప్పి ఊరుకోవచ్చును. అసలు విశేషం తరువాతి మెట్టులో ఉన్నది. కొయ్ అంటే పల్లె, ఓరెత్మెన్ అంటే ఉపాధ్యాయుడు. ‘కొయున్ ఓరెత్మెని’ అంటే ఆ పల్లెకు చెందిన ఉపాధ్యాయుడు. ఒక నిర్దిష్టమైన పల్లె ఉద్దిష్టం. ‘కొయ్ ఓరెత్మెని’ అంటే పల్లెబడిపంతులు, ఆ రకపు ఉపాధ్యాయుడు. ఏ పల్లె అన్న జిజ్ఞాస లేదు. అలాగే ‘దెనిజిన్ సుయు’ ఆ సముద్రపు నీరు. ‘దెనిజ్ సుయు’ సముద్రజలం అనే పదార్థం. షష్ఠీప్రత్యయం లోపించగానే రెండు పదాలూ ఏకార్థమైనవి. సంస్కృతంలో ‘రాజ్ఞః పురుషః’ అన్న వాక్యానికీ ‘రాజపురుషః’ అన్న సమాసానికీ ఉన్న భేదమే ఇది. మొదటిదానిలో పదాలకు పరస్పరాకాంక్షారూపమైన వ్యపేక్ష ఉన్నది. రెండవదానిలో ఏకార్థీభావం ఉన్నది. ‘రాజపురుషః’ అన్న సమాసంలోని రాజపదానికి బయటి విశేషణం అన్వయించనట్లే, ‘కొయ్ ఓరెత్మెని’లోని పల్లెకూ అన్వయించదు.

అయితే సంస్కృత సమాసంలో షష్ఠి లోపించిన తరువాత సంబంధానికి బాహ్యమైన గుర్తు ఏదీ మిగలదు. శ్రోత దానిని ఊహించుకోవాలి. తుర్కీలో షష్ఠి లోపించినా విశేష్యం మీది ప్రత్యయం చెక్కుచెదరదు. అంటే గుర్తు ఒక్కచోటనే పెట్టవలసి వచ్చినప్పుడు తుర్కీ దానిని ప్రధానపదం మీద నిలిపింది. అప్రధానాన్ని ఖాళీగా విడిచింది. ఇది భర్తృహరి చెప్పిన దానికి సరిగ్గా విలోమం. సమాసంలోని ఈ ప్రత్యయం స్వామ్యాన్ని కాక సమాసత్వాన్ని మాత్రమే సూచిస్తున్నదని కొందరు వైయాకరణులు అంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. కాని ‘మా పల్లెబడిపంతులు’ అనవలసినప్పుడు ‘కొయ్ ఓరెత్మెనిమిజ్’ అంటారు. ‘ఇ’ తొలగి దాని స్థానంలోనే ‘ఇమిజ్’ వచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి చేరలేదు. స్థానం ఒక్కటే కనుక ఆ రెండూ ఒకే జాతి ప్రత్యయాలన్నది స్పష్టం.

దీనిని బట్టి భర్తృహరి యుక్తిని నిరాకరించవలసిన పని లేదు; దానిని రెండుగా విడదీసి చూడవలసి ఉన్నది. సంబంధం రెండింటిని ఆశ్రయిస్తుందన్నది భాషాసామాన్యానికి చెల్లే అంశం. అది అప్రధానపదం వద్ద వ్యక్తమవుతుందన్నది సంస్కృతానికీ, సంస్కృతం వలె గుర్తు పెట్టే భాషలకూ చెల్లే అంశం. తెలుగు ఈ రెండవ కోవలోనిదే. ‘రాముని ఇల్లు’, ‘ఇంటి కిటికీ’ అన్నప్పుడు గుర్తు రామునికీ ఇంటికీ చేరింది. ‘చెట్టు కొమ్మ’ అన్నచోట ఏ వైపునా గుర్తు లేదు. పదాల వరుసే సంబంధాన్ని చెప్పింది. ఒక చోట అప్రధానానికి, ఒక చోట రెండింటికీ, ఒక చోట ప్రధానానికి, ఒక చోట దేనికీ గుర్తు లేకపోవడం, ఈ నాలుగు విధాలూ సంస్కృతాంధ్రాలతో పాటు తుర్కీని చేర్చుకొని చూస్తేనే ఒక్కచోట కనబడతాయి. సంస్కృతాధ్యాపకునికి తుర్కీ వ్యాకరణం వల్ల కలిగే ప్రయోజనం ఇది. శాస్త్రవాక్యంలో ఎంత భాగం సార్వత్రికమో, ఎంత భాగం ఆ భాషకే చెందినదో వేరుచేసి చూపే గీటురాయి దొరుకుతుంది.

సంధికార్యాలలో కొన్ని సామ్యాలు తెలుగువారికి ముచ్చట గొలుపుతాయి. అచ్చుతో ముగిసే ప్రకృతికి అచ్చుతో ఆరంభమయ్యే ప్రత్యయం చేరేటప్పుడు తుర్కీలో నడుమ ఒక హల్లు వస్తుంది. ద్వితీయలో ‘య’: పెంజెరెయి. షష్ఠిలో ‘న’: పెంజెరెనిన్. స్వామ్యంలో ‘స’: పెంజెరెసి. మా ఇల్లు ‘మాయిల్లు’ అయ్యేటప్పటి యడాగమమూ, రాజు ఆనతి ‘రాజునానతి’ అయ్యేటప్పటి నుగాగమమూ ఎరిగినవారికి ఇవి చిరపరిచితాల వలె తోస్తాయి. పైగా తెలుగులో నుగాగమం షష్ఠీసమాసంలో కూడా విధింపబడినది. ‘సు’, అంటే నీరు, ఈ నియమానికి లొంగక ‘సుసు’ కాక ‘సుయు’ అయినది. మసీదుకు వాడే ‘జామి’ అన్న పదం ‘జామిసి’ అనే కాక ‘జామిఇ’ అని కూడా అవుతుంది. అరబ్బీలో ఆ పదం చివర ఒక కంఠ్యమైన హల్లు ఉన్నది. తుర్కీ నోట ఆ హల్లు పలకకపోయినా వ్యాకరణం దానిని మరచిపోలేదు.

ప్రథమపురుష స్వామ్యప్రత్యయం తరువాత విభక్తి చేరేటప్పుడు కూడా ఒక నకారం వస్తుంది. ఎవ్‌దె ఇంటిలో, ఎవిమ్‌దె నా ఇంటిలో. కాని అతని ఇంటిలో ‘ఎవిదె’ కాదు, ‘ఎవిన్‌దె’. సర్వనామాలలోనూ ఇదే నకారం కనబడుతుంది. ‘ఒ’ అంటే అతడు, ‘ఒన్‌దా’ అతనిలో. కనుక దీనిని సర్వనామ నకారమని వ్యవహరిస్తారు. ఉజ్బెక్ భాషలో స్వామ్యప్రత్యయం తరువాత ఇది లేదు. ఇల్లు ‘ఉయ్’ కనుక అతని ఇంటిలో ‘ఉయిదా’ అవుతుంది.

ఈ నకారం వల్ల తుర్కీలో ఒక సందిగ్ధత ఏర్పడింది. ‘ఎవిన్‌దె’ అంటే అతని ఇంటిలో అనీ, నీ ఇంటిలో అనీ రెండర్థాలు. పూర్వం ఇవి వేరు. నీ అన్న అర్థంలోని నకారం మొదట ఙకారం వంటి అనునాసికం. అరబ్బీ లిపిలో వ్రాసిన ఉస్మానీ తుర్కీలో దానిని కాఫ్ అక్షరంతో, మామూలు నకారాన్ని నూన్ అక్షరంతో వ్రాసేవారు. ఇస్తాంబుల్ ఉచ్చారణలో ఆ రెండు ధ్వనులూ ఒకటైనవి. 1928లో లాటిన్ లిపి వచ్చినప్పుడు వాటికి వేర్వేరు అక్షరాలు ఏర్పరచలేదు. చెవి పోగొట్టుకున్న భేదాన్ని అంతకుముందు లిపి కాపాడింది; తరువాత కన్ను కూడా దానిని పోగొట్టుకున్నది. ఇంకా వింతైనది ‘ఎవ్‌లెరి’ అన్న రూపం. ఇళ్ళను, అతని ఇళ్ళు, వారి ఇల్లు, వారి ఇళ్ళు అని దానికి నాలుగర్థాలు. సంస్కృతంలో పంచమికీ షష్ఠికీ ‘హరేః’ అని ఒకే రూపం ఉన్నట్లు ప్రతి భాషకూ ఇటువంటి చోట్లు ఉంటాయి. ప్రకరణమే అక్కడ నిర్ణేత. అవసరమైతే ముందు ‘సెనిన్’ (నీయొక్క), ‘ఒనున్’ (అతనియొక్క) అన్న సర్వనామాన్ని చేర్చి సందేహం తీర్చుకుంటారు.

తెలుగులోనూ నామానికి పురుషప్రత్యయాలు చేరుతాయి. నేను కవిని, నీవు కవివి, మేము కవులము. వీటి అర్థం స్వామ్యం కాదు, తాదాత్మ్యం. ‘కవిని’ అంటే నా కవి కాదు, నేను కవిని అయి ఉన్నాను అని. తుర్కీలో ఈ రెండూ ఉన్నవి. కవిని ‘షాయిర్’ అంటారు. ‘షాయిరిమ్’ అంటే నా కవి అనీ, నేను కవిని అనీ అర్థం. వ్రాతలో భేదం లేదు. పలికేటప్పుడు చివరి అక్షరం మీద ఊనిక ఉంటే నా కవి. దానికి ముందున్న అక్షరం మీద ఉంటే నేను కవిని. స్వరం మారితే అర్థం మారుతుందన్న శిక్షాశాస్త్ర పాఠానికి ఇంతకన్న చిన్న ఉదాహరణ దొరకదు.

స్వామ్యాన్ని ప్రత్యయంతో చెప్పే భాషకు దానిని విడిచిపెట్టడం కూడా తెలుసు. నియమం ప్రకారం మా పల్లె ‘బిజిమ్ కొయుముజ్’ కావాలి. మాటలలో ‘బిజిమ్ కొయ్’ అనడమే ఆత్మీయం. పల్లెబడిపంతులైన మహ్ముత్ మకాల్ 1950లో అనతోలియా పల్లె బ్రతుకును చిత్రిస్తూ ప్రకటించిన గ్రంథం పేరు ‘బిజిమ్ కొయ్’. తెలుగులో ‘మా ఊరు’ అన్నంత సహజంగా ఆ పేరు వినబడుతుంది. అయితే తెలుగు ఇక్కడ మరొక భేదం చూపుతుంది. వినేవానిని కలుపుకొంటే మన ఊరు, కలుపుకొనకపోతే మా ఊరు. తుర్కీకి ఈ భేదం లేదు. ‘బిజిమ్’ అన్న ఒక్క మాటలో రెండూ ఇమిడి ఉన్నవి.

కలిగి ఉండడాన్ని చెప్పే తీరులో మూడు భాషలూ ఒక చోట కలిసి మరొక చోట విడిపోతాయి. ‘మమ గృహమస్తి’, ‘నాకు ఇల్లు ఉన్నది’, ‘ఎవిమ్ వార్’. మూడింటిలోనూ ఇంగ్లీషులో వలె కలిగి ఉండడమనే సకర్మక క్రియ లేదు. వస్తువు ఉనికినే చెప్పడం ఉన్నది. సంస్కృతం యజమానికి షష్ఠిని, తెలుగు చతుర్థ్యర్థకమైన ‘కు’ను వాడినవి. తుర్కీ యజమానిని వేరుగా పేర్కొనకుండా ఇంటి మీదనే గుర్తు పెట్టి ‘నా ఇల్లు ఉన్నది’ అని ఊరుకున్నది.

కృదంతాల విషయంలో తుర్కీ సంస్కృతానికి మరీ దగ్గరగా వస్తుంది. అహ్మెత్ వచ్చాడని తెలుసు అనడానికి ‘అహ్మెతిన్ గెల్దియిని బిలియోరుమ్’ అంటారు. అక్షరార్థం ‘అహ్మెత్ యొక్క అతని రాకను ఎరుగుదును’. కృద్యోగంలో కర్తకు షష్ఠి విధించిన పాణినీయం చదివినవారు ఇక్కడి షష్ఠిని వెంటనే గుర్తుపడతారు. కాని ఇక్కడ కృదంతం మీద కూడా స్వామ్యప్రత్యయం ఉన్నది. క్రియాకారక సంబంధమైనా రెండు చివరలా గుర్తు పెట్టడం ఆ భాషకు సహజం.

ఇటువంటి నిర్మాణం గల భాష శతాబ్దాల తరబడి మరొక నిర్మాణాన్ని మోసింది. ఉస్మానీ కాలపు సాహిత్యభాషలో పారసీక ఇజాఫత్ విరివిగా ప్రవేశించింది. అందులో ప్రధానపదం ముందు, విశేషణం తరువాత వస్తాయి. 1891లో వెలువడిన ప్రసిద్ధ పత్రిక పేరు ‘సెర్వెత్-ఇ ఫునూన్’, అంటే విజ్ఞానాల సంపద. తుర్కీ పద్ధతిలో అది ‘ఫునూనున్ సెర్వెతి’ కావలసినది. హైదరాబాదు చరిత్రలో వినబడే ‘నిజాముల్ ముల్క్’ అన్న బిరుదులోని అరబ్బీ నిర్మాణం వేరైనా అందులోనూ వరుస ఇట్లే తలక్రిందులు. ఇక్కడ తెలుగుకు కలిగిన అదృష్టం ఒకటి గమనించాలి. సంస్కృత సమాసాలు తెలుగులోకి వెల్లువగా వచ్చినవి. అయినా విశేషణం ముందు, విశేష్యం వెనుక అన్న తెలుగు వరుసను అవి చెడగొట్టలేదు. ‘రాజగృహం’, ‘రాజు ఇల్లు’ రెండింటి నడక ఒక్కటే. వైరిసమాసాలను గురించిన వివాదం పదాల జాతిని గురించినది, వరుసను గురించినది కాదు. తుర్కీలో వివాదం వరుస మీదికే వచ్చింది. 1911లో సెలానిక్ నగరంలోని ‘గెంచ్ కలెమ్‌లెర్’ పత్రికలో ఒమెర్ సెయ్‌ఫెత్తిన్ మొదలైన యువరచయితలు ‘కొత్త భాష’ అన్న పేరుతో అరబ్బీ, పారసీక సమాసనియమాలను విడిచిపెట్టాలని వాదించారు. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడిన దశకమే అది. 1928లో లిపి మారింది. 1932లో తుర్కీ భాషాసంస్థ ఏర్పడింది. పరభాషా పదాలను తొలగించే యత్నంలో సంస్కర్తలు కొన్నిసార్లు హద్దు మీరారన్న విమర్శ ఉన్నది. ఆ యత్నం పదాల విషయంలో సగమే నెరవేరింది. ఇజాఫత్ మాత్రం వాడుకలో స్థిరపడిన కొన్ని పాతమాటలను మినహాయిస్తే తొలగిపోయింది. అరువు పదాన్ని భాష జీర్ణించుకోగలదు. తన సంబంధసూచకాన్ని మరొకరి చేతికి చిరకాలం అప్పగించి ఉండలేదు.

ఇన్ని సామ్యాలు చూసినవారికి ఈ రెండు భాషలు బంధువులా అన్న సందేహం కలగడం సహజం. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించిన కాల్డ్వెల్ పండితునికి కూడా ద్రావిడభాషలు తాను ‘సిథియన్’ అని పిలిచిన వర్గానికి దగ్గరివన్న అభిప్రాయమే కలిగింది. తుర్కీ కూడా ఆ వర్గంలోనిదే. ప్రత్యయాలు వరుసగా అతకడం, విభక్తి చివర నిలవడం, క్రియ వాక్యాంతాన ఉండడం వంటి లక్షణాలు ఆ ఊహకు బలమిచ్చినవి. తరువాతి పరిశోధన ఆ బంధుత్వాన్ని స్థాపింపలేకపోయింది. స్వామ్యప్రత్యయాలు ఈ విషయంలో మంచి సాక్ష్యమిస్తాయి. ద్రావిడభాషలలో స్వామ్యం నామానికి ముందు ఉంటుంది. పదంతో కలిసిపోయినప్పుడు కూడా ముందే కలుస్తుంది. ప్రాచీన తమిళంలో నా తండ్రి ‘ఎందై’, నీ తండ్రి ‘నుందై’, తన తండ్రి ‘తందై’. తుర్కీలో నా తల్లి ‘అన్నెమ్’. స్వామ్యం వెనుక ఉన్నది. బ్రాహుయీలో నామం తరువాత వచ్చే సర్వనామ రూపాలున్నా అవి ఇరుగుపొరుగు ఇరానీయ భాషల ప్రభావమని పండితులు భావిస్తారు. కట్టడపు తీరు ఒకటైనంత మాత్రాన ఇటుకలు ఒకే బట్టీలో కాలినవని చెప్పరాదు. ప్రత్యయాల ధ్వనిరూపాలు క్రమబద్ధంగా సరిపోలినప్పుడే బంధుత్వం సిద్ధిస్తుంది. పోలిక మాత్రమే ఉన్నప్పుడు పోలికగానే ఉంచాలి. ‘రాజునానతి’లోని నకారమూ ‘ఎవిన్‌దె’లోని నకారమూ విద్యార్థికి బోధించేటప్పుడు ఈ వివేకం విడువరాదు.

బంధుత్వం లేకపోయినా రాకపోకలు లేకపోలేదు. తెలుగుదేశానికి తుర్కీ స్వామ్యప్రత్యయం ఒకటి వచ్చి శతాబ్దాలుగా నివసిస్తున్నది. తుర్కిక్ భాషలలో ‘బేగ్’ అంటే ప్రభువు. దానికి ఉత్తమపురుష స్వామ్యప్రత్యయం చేరి ‘బేగిమ్’, నా ప్రభువు అన్న గౌరవవచనం, ఉన్నతకుటుంబ స్త్రీలకు బిరుదయింది. బాబరు చగతాయ్ తుర్కీలో వ్రాసుకున్న స్వీయచరిత్రలో ఎందరో బేగిమ్‌లు కనబడతారు. ఆ పదమే పారసీక, ఉర్దూ భాషల మీదుగా ‘బేగం’ అయి దక్కనుకు చేరింది. గోలకొండ చరిత్రలోని హయాత్ బక్షీ బేగం పేరులోనూ, హైదరాబాదులోని బేగంపేట పేరులోనూ ఆ చివరి మకారం ‘నా’ అన్న అర్థంతో వచ్చినదే. పలికేవారెవరూ ఆ అర్థాన్ని స్మరించరు. ప్రత్యయం ప్రకృతిలో లీనమై రూఢమైనది; యోగార్థం పోయి గౌరవార్థం మిగిలింది. ఎవరి ‘నా’ అన్నదానికి ఇప్పుడు సమాధానం లేదు. సంబంధపు రెండు కొసలలో ఒకటి జారిపోయినా రెండవ కొస మీద పెట్టిన గుర్తు మాత్రం పదంలో నిలిచి ఉన్నది. విశేష్యం మీద గుర్తు పెట్టే భాషకే ఇది సాధ్యం. షష్ఠిని బోధించే అధ్యాపకుడు ‘రాజ్ఞః పురుషః’ అన్న ఉదాహరణ పక్కన ఈ ఒక్క పదాన్ని ఉంచితే, సంబంధం ద్విష్ఠమన్న సూక్ష్మం విద్యార్థికి సులభంగా బోధపడుతుంది.